చార్మినార్ రూపాయిని కవరులోంచి తీయాలా వద్దా? వానలకు ముందు చూసుకోవాల్సినవి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో ఆ పదిహేను రోజుల్లోనే నాణేల బీరువా తెరుచుకుంటుంది. హైదరాబాదులో గాలి పొడిగా ఉండే రోజులవి. మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే ఇక దసరా దాకా తేమ వదలదు. పాత వెండి నాణేలు, ముఖ్యంగా నిజాం కాలంలో చార్మినార్ బొమ్మతో వేసిన హైదరాబాద్ రూపాయలు ఉన్నవాళ్లు వాటిని ఒకసారి బయటపెట్టి చూసుకోవాల్సింది ఇప్పుడే. చూసిన ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: దీన్ని ఈ కవరులోంచి తీయాలా, ఇలాగే ఉండనివ్వాలా?

తొందరకు ఇంకో కారణం ఉంది. వానల వెనకాలే శ్రావణం. వరలక్ష్మీ వ్రతం ముందు రోజు రాత్రి "కలశంలో వేయడానికి ఆ పాత రూపాయి ఒకటి ఇలా ఇవ్వరా" అని అమ్మ అడుగుతుంది. మీ ఇంట్లో అత్తగారు అడుగుతారేమో. ఆ హడావిడిలో తీసిన నాణేలకే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. నావాటికీ అలాగే తగిలాయి.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఇది. నాణెం ఎలా ఉందో చూసి చాలామంది నిర్ణయం తీసుకుంటారు: నల్లబడింది కాబట్టి తీసి తోముదాం, మెరుస్తోంది కాబట్టి వదిలేద్దాం అని. అది తలకిందుల లెక్క. ముందు చూడాల్సింది నాణేన్ని కాదు, అది ఉన్న కవరును. నల్లబడిన నాణెం మంచి కవరులో ఉంటే దానికి ఏ ప్రమాదమూ లేదు. తళతళలాడే నాణెం చెడ్డ కవరులో ఉంటే మాత్రం రోజూ కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది.

మెత్తటి ప్లాస్టిక్ అయితే ఆలోచించక్కర్లేదు

స్టేషనరీ షాపుల్లో దొరికే మెత్తటి, పారదర్శకమైన జేబుల షీట్లు, పాత ఆల్బమ్‌ల పేజీలు, రెండు మడతల చిన్న కవర్లు ఉంటాయి కదా, వాటిలో చాలావరకు పీవీసీ. ఆ ప్లాస్టిక్ స్వతహాగా గట్టిది. మెత్తగా వంగడానికి దానిలో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. ఏళ్లు గడిచేకొద్దీ అవి చెమటలాగా బయటికి ఊరుతాయి. ప్లాస్టిక్ చెడిపోతున్నకొద్దీ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా పుడుతుంది. వెండిలో కలిసిన రాగిని అది తింటుంది. మన చార్మినార్ రూపాయిలో వెండి 81.8 శాతం, మిగిలింది దాదాపు రాగే. బ్రిటిష్ వాళ్ల రూపాయిలో 1940 దాకా వెండి 91.7 శాతం. అంటే ఒకే ఆల్బమ్‌లో పక్కపక్కన పెడితే మన హాలీ రూపాయికే, అంటే నిజాం రూపాయికే ముందు చేటు. పడమటి గోడకు ఆనించిన బీరువాలో, మన ఎండాకాలంలో, ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది.

నేను ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రూపాయి ఒకటి అలాంటి ఆల్బమ్‌లో మూడు ఎండాకాలాలు ఉంది. నాలుగో ఏడు తెరిస్తే అక్షరాల సందుల్లో ఆకుపచ్చటి జిగురు. అప్పటికి నాకేమీ తెలియదు. టిష్యూ కాగితం తీసుకుని గట్టిగా తుడిచాను. జిగురు పోయింది. దానితోపాటు చార్మినార్ చుట్టూ ఉన్న ఖాళీ జాగా నిండా సన్నటి గీతలు పడ్డాయి. లైటు కింద తిప్పితే ఇప్పటికీ కనిపిస్తాయి.

మీ కవరు ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. పీవీసీ మెత్తగా, చప్పుడు లేకుండా వంగుతుంది. కొత్త రెయిన్‌కోటు విప్పినప్పుడు వచ్చే వాసన వస్తుంది. మంచి రకమైన పాలిఎస్టర్, అంటే నాణేలవాళ్లు మైలార్ అని పిలిచేది, బిస్కెట్ ప్యాకెట్ కాగితంలా గరగరలాడుతుంది, వాసన ఉండదు. రాగి తీగ కాల్చి ప్లాస్టిక్‌కి తాకించి, మంట ఆకుపచ్చగా వస్తే పీవీసీ అని చెప్పే పరీక్ష ఒకటుంది. ఆ పొగ ఆరోగ్యానికి చెడ్డది. వాసన చూస్తే సరిపోయేదానికి వంటింట్లో ఆ ప్రయోగం వద్దు.

పీవీసీ అని తేలితే నాణెం బాగున్నా తీసేయండి. జిగురు కనిపించేదాకా ఆగకండి. మొదట్లో వచ్చేది సన్నటి పాలపొరలాంటి మసక మాత్రమే. ఆకుపచ్చ కనపడిందంటే ఆలస్యమైనట్టే.

అయితే ఆకుపచ్చ మచ్చలన్నీ ప్లాస్టిక్ పాపమే కాదు. రాగి కలిసిన వెండి మట్టిలోనో తడిలోనో ఉన్నా చిలుము పడుతుంది. చిలుము గట్టిగా, పొడిగా, లోహానికి అతుక్కుని ఉంటుంది. ప్లాస్టిక్ జిగురు మెత్తగా, నూనెమరకలా, ఎత్తుగా ఉన్న భాగాల మీద కూడా పరుచుకుని కనిపిస్తుంది. భూతద్దం పెట్టి, లైటు పక్కనుంచి పడేట్టు చూడండి. గోరు పెట్టి గీకి చూడకండి.

స్టేపుల్ కొట్టిన అట్ట కవర్లు

మధ్యలో గుండ్రటి కిటికీ, చుట్టూ తెల్లటి అట్ట, నాలుగు వైపులా స్టేపుల్ పిన్నులు. మన దగ్గర ఎక్కువగా కనపడేవి ఇవే. కిటికీ మైలార్ అయితే ఇది మంచి ఇల్లే. చిరగలేదు, పిన్నులకు తుప్పు పట్టలేదు అంటే ముట్టుకోకండి. తుప్పు ఎర్రగా అట్టలోకి పాకుతున్నా, కిటికీ పగిలినా, నాణెం లోపల జారి పిన్నుకు తగులుతున్నా మార్చాలి.

తీసేటప్పుడు అందరూ చేసే తప్పు, అట్టను రెండు చేతులా పట్టుకుని పుస్తకం తెరిచినట్టు తెరవడం. పిన్ను కొస ఒకటి వంకర తిరిగి నాణెం ముఖం మీదుగా గీసుకుంటూ పోతుంది. వెండి చాలా మెత్తటిది. పిన్ను ఉక్కు. ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. ముందు నాలుగు పిన్నులనూ ముక్కుపటకారుతో వెనకవైపు నుంచి నిటారుగా నిలబెట్టి, పూర్తిగా లాగి పక్కన పడేయండి. ఇంకా తేలిక, పిన్నులు ఉన్న అంచులనే కత్తెరతో కత్తిరించేయడం. అప్పుడు అట్ట దానంతట అదే విడిపోతుంది.

ఆ అట్టను చెత్తబుట్టలో వేయకండి. దాని మీద ఎవరో పెన్నుతో రాసింది ఉంటుంది: ఎక్కడ కొన్నారు, ఎంతకు, ఏ సంవత్సరం. మా పెదనాన్న రాసిన ఒక అట్ట మీద "బేగంబజార్, 14 రూ." అని ఉంది. ఆ రూపాయి కంటే ఆ అట్టే నాకు ఎక్కువ. కత్తిరించే ముందు రెండు వైపులా ఫోటో తీయండి. అట్టను వేరే కవరులో, నాణేనికి తగలకుండా దాచండి.

గ్రేడింగ్ కంపెనీల గట్టి పెట్టె

పీసీజీఎస్, ఎన్జీసీ లాంటి సంస్థలు నాణేన్ని చూసి 70 దాకా ఉండే స్కేలు మీద నంబరు ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేస్తాయి. దాన్నే స్లాబ్ అంటారు. దాన్ని పగలగొట్టవద్దు. పెట్టె తెరిచిన క్షణం నుంచి ఆ నంబరుకు సంస్థ హామీ వర్తించదు. లోపల కొత్త మచ్చ పెరుగుతుంటే ఫోటో తీసి వాళ్లకే రాయండి. చేత్తో పట్టుకుంటే బాగుంటుందన్న సరదా ఒక్కటే కారణమైతే, అందుకు ఇంకో అరిగిన రూపాయి కొనుక్కోవడం చవక.

గుండ్రటి గట్టి క్యాప్సూల్ అయితే తెరవచ్చు కానీ, అది టక్కున విడిపోయి నాణెం ఎగురుతుంది. మంచం మీద, మడత పెట్టిన తువ్వాలు మధ్యలో తెరవండి. వంటింటి గ్రానైట్ గట్టు మీద మాత్రం వద్దు.

బరువు కోసమా? తీయకుండానే చూడొచ్చు

అసలుదో నకిలీదో తెలుసుకోవాలని తీసేవాళ్లు చాలామంది. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు. బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక తులం. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు, అంటే బ్రిటిష్ రూపాయలు, అని మా తాతయ్య చెప్పే మారకం వెనక ఈ తేడా, వెండి పాళ్లలో తేడా రెండూ ఉన్నాయి. నాణేన్ని కవరుతోనే తూచి, అలాంటి ఖాళీ కవరే ఇంకొకటి పిన్నులతో సహా తూచి, ఆ బరువును అందులోంచి తీసేయండి. పాయింట్ తర్వాత రెండంకెలు చూపే చిన్న కాటా చాలు. అరిగిన నాణెం కాస్త తగ్గడం మామూలే. గ్రాముకు పైగా తగ్గితే అనుమానించాలి. అయస్కాంతం కూడా కవరు మీదనుంచే పెట్టి చూడొచ్చు. వెండి అతుక్కోదు. అయితే రాగి, ఇత్తడి నకిలీలు కూడా అతుక్కోవు కాబట్టి ఆ ఒక్కటీ చూసి సంతోషపడకండి.

తర్వాత గుమ్మం చూడండి. నాణెం మీది చార్మినార్ నడిమి తలుపులో నిజాం పేరులోని మొదటి ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద మీమ్, ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ వాటి మీద ఐన్. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో పోయారు. నాణేల మీద వేసే హిజ్రీ లెక్కలో అది 1329. ఆ సంవత్సరం మీమ్ ఉన్నవీ ఉన్నాయి, ఐన్ ఉన్నవీ ఉన్నాయి. కానీ 1335 సంవత్సరం వేసి గుమ్మంలో మీమ్ ఉంటే ఎవరో తప్పు చేశారన్నమాట. 1326 అని ఉంటే అది 1908 నాటి మూసీ వరద వచ్చిన ఏడు. దానికి ధర పెరగదు కానీ, చేతిలో పట్టుకుంటే ఆ నీళ్లు గుర్తొస్తాయి. ఇవన్నీ కిటికీలోంచే కనిపిస్తాయి.

కవరులోంచి చూడలేనిది అంచు ఒక్కటే. పూర్వం నగలోనో గొలుసులోనో వేసుకుని, తర్వాత కొక్కెం తీసేసి పూడ్చిన గుర్తులు అంచు మీదే దొరుకుతాయి. మన ఊళ్లో రూపాయల దండలు వేసుకునే అలవాటు ఉంది కాబట్టి ఇలాంటివి తక్కువేం కాదు. ఎక్కువ డబ్బు పెట్టి కొనబోతుంటే అంచు చూసే తీరాలి. అమ్మేవాళ్లనే తీసి చూపించమనండి. గీత పడితే బాధ్యత ఎవరిదో ముందే తేలిపోతుంది.

రాతి మీద వేసి ఖంగుమని మోగుతుందో లేదో చూడటం, గీటురాయి మీద గీయించడం, ఆసిడ్ చుక్క వేయించడం అసలు వద్దు. పాట్ మార్కెట్‌కో చార్‌కమాన్‌కో తీసుకెళ్తే పెద్ద నగల దుకాణాల్లో ఎక్స్‌రే మిషన్ ఉంటుంది, గీత పడకుండా లోహం పాళ్లు చెప్తుంది. అడిగేముందు "తోమకండి, గీయకండి" అని గట్టిగా చెప్పండి. మనం అడక్కపోయినా వెండి వస్తువు చేతికి రాగానే మెరుగు పెట్టేయడం వాళ్లకు అలవాటు, మర్యాదగా చేసే పనే.

తీయాలని తేలాక

పొద్దున్నే పెట్టుకోండి. ఫ్యాను ఆపండి. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. క్రీము, కొబ్బరినూనె రాసుకున్న చేతులతో కూర్చోకండి. టేబుల్ మీద ఉతికిన మందపాటి తువ్వాలు పరవండి. నాణేన్ని అంచు దగ్గర బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోవాలి. ముఖం మీద వేలు పడితే ఆ వేలిముద్రలోని ఉప్పు కొన్ని వారాల్లో లోహంలో అచ్చుపడిపోతుంది, తర్వాత ఏం చేసినా పోదు. గ్లౌజులు కావాలంటే పౌడరు లేని నైట్రైల్ రకం. రబ్బరు గ్లౌజుల్లో గంధకం ఉంటుంది, వెండికి అదే శత్రువు. నూలు గ్లౌజులతో నాణెం జారుతుంది. నాకైతే కడిగిన చేతులే నమ్మకం.

ప్లాస్టిక్ జిగురు ఉంటే అసిటోన్ వాడాలి. గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికిరాదు. అందులో నీళ్లు, సువాసన, నూనె కలుపుతారు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో ప్యూర్ అసిటోన్ అని అడగండి. గాజు గిన్నెలోనే పోయాలి, చాలా రకాల ప్లాస్టిక్‌ను అది కరిగిస్తుంది. నాణేన్ని వేసి మూత పెట్టి పావుగంట ఉంచి, ఇంకో గిన్నెలో కొత్త అసిటోన్‌లోకి మార్చి, తీసి గాలికి ఆరనివ్వండి. రెండు నిమిషాల్లో ఆరిపోతుంది. తుడవక్కర్లేదు. కవరుకు నాణెం అతుక్కుపోయి ఉంటే ఊడపీకకుండా, చుట్టూ ప్లాస్టిక్ కత్తిరించి, మిగిలిన ముక్కతో సహా నానబెట్టండి.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. అసిటోన్ పెట్రోలులా అంటుకుంటుంది. దాని ఆవిరి గాలికంటే బరువు, నేల వెంబడి పాకుతుంది. అదే గదిలో స్టవ్ వెలగకూడదు, పూజగదిలో దీపం ఉంటే కొండెక్కాకే పని మొదలుపెట్టాలి, అగరుబత్తి కూడా వద్దు. కిటికీలు తెరిచి ఉండాలి, పిల్లలు ఉండకూడదు. మిగిలింది సింకులో పోయకండి.

అసిటోన్ నలుపును పోగొట్టదు. పోగొట్టకపోవడమే మంచిది.

చింతపండు గురించి

నలుపు అంటే మురికి కాదు. గాలిలోని గంధకం వెండితో కలిసి ఏర్పడ్డ పొర అది. మొదట పసుపుగా, తర్వాత గోధుమ, నీలి రంగుల్లోకి మారి చివరికి నల్లబడుతుంది. పాత నాణేలు కొనేవాళ్లు సహజంగా వచ్చిన ఆ రంగును ఇష్టపడతారు, తోమి తెల్లబరిచిన నాణేన్ని చూసి వెనక్కి ఇచ్చేస్తారు. నగల దుకాణంలో వెండి తెల్లగా ఉంటే గౌరవం. నాణేల దగ్గర అది అవమానం. మన వాళ్లకు ఇది వివరించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

చింతపండు ఆమ్లం రాగిని పైపైన తినేస్తుంది, దానిలోని పీచు, ఇసుక గీతలు పెడతాయి. సబీనా పొడి, విభూది, పళ్లపొడి, పేస్టు అన్నీ రాపిడి సరుకులే. వేడినీళ్లలో సోడా ఉప్పు, అల్యూమినియం కాగితం వేసి ముంచితే నలుపు మాయమవుతుంది, వీడియోల్లో చూడటానికి బాగుంటుంది. తీశాక నాణెం బూడిదరంగులో, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. దుకాణాల్లో దొరికే సిల్వర్ డిప్ కూడా పైపొరను కొద్దిగా కరిగించుకుపోతుంది. ఒకసారి పోయిన అచ్చు మెరుపు మళ్లీ రాదు. సైఫాబాద్ టంకశాలలో అచ్చు యంత్రం కింద పడ్డ ఆ ఒక్క దెబ్బకు వచ్చిన మెరుపు అది, దానికి రెండో దెబ్బ లేదు.

మళ్లీ పెట్టేటప్పుడు

రూపాయి వెడల్పు ఇంచుమించు 30 మిల్లీమీటర్లు. క్యాప్సూల్ దానికి సరిపడేది కొనండి. వదులుగా ఉంటే లోపల ఊగి అంచులు అరుగుతాయి. మైలార్ కిటికీ అట్ట అయితే పిన్నులు కొట్టాక వెనక కొసలను ముక్కుపటకారుతో బాగా నొక్కండి. లేకపోతే పక్క నాణేన్ని గీస్తాయి.

మూత బిగించే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొడి రోజు చూసి మూత వేయాలి. వాన పడుతుండగా మూత పెడితే ఆ తేమనే లోపల బంధించినట్టు. పొట్లాల రంగు మారితే మార్చండి. వెల్వెట్ పెట్టె, ఉన్ని గుడ్డ, వార్తాపత్రిక కాగితం, రబ్బరు బ్యాండు ఏవీ నాణేల దగ్గర ఉండకూడదు. చీరల మధ్య వేసే కలరా ఉండలు కూడా దూరంగా ఉండాలి. వాటి ఆవిరికి కొన్ని ప్లాస్టిక్‌లు మెత్తబడతాయి.

మూసీ ఒడ్డునో, నాలా పక్కనో ఇల్లు ఉన్నవాళ్లు ఇంకాస్త జాగ్రత్త పడాలి. కుళ్లిన మురుగులోంచి కోడిగుడ్డు వాసనతో వచ్చేది గంధకం కలిసిన వాయువే. పట్టీలు, కుంకుమ భరిణె పక్కింటివాళ్లవాటి కంటే మీవి త్వరగా నల్లబడుతుంటే కారణం అదే కావచ్చు. అలాంటి ఇంట్లో నాణేలను అస్తమానం తీసి చూపించడం తగ్గించండి.

అమెరికా నుంచి వచ్చిన అబ్బాయి వెళ్లేటప్పుడు "తాతగారి గుర్తు" అని ఒకటి పర్సులో వేసుకుంటానంటాడు. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. గ్రేడింగ్ కోసం విదేశాలకు పంపుదామన్నా అంతే. ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాణేల్లో కూడా మొదటివి ఇప్పటికే ఆ లెక్కలోకి వచ్చేశాయి. ఫోటో ఇచ్చి పంపండి.

ఇక వరలక్ష్మీ వ్రతం. పూజకు ఒక రూపాయిని శాశ్వతంగా కేటాయించండి, బాగా అరిగినదాన్ని. మిగతావాటి జోలికి పోరు. మా అమ్మ దగ్గరున్నది అమ్మమ్మ ఇచ్చిన ఉస్మాన్ రూపాయి. మీనార్లు అరిగి నున్నగా అయ్యాయి, గుమ్మంలో అక్షరం మసకగా ఉంది, సందుల్లో ఏళ్లనాటి పసుపు. దానికి క్యాప్సూల్ లేదు, పెట్టను కూడా. ఉద్వాసన చెప్పాక కలశంలోంచి తీసి, బోరు నీళ్లు కాకుండా ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ నీళ్లతో ఒకసారి కడిగి, పాత నూలు పంచె మడతలో అద్ది, గంటసేపు ఆరబెడతాను. తర్వాత అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ భరిణెలో వేసుకుంటుంది.